ఇంటిపేరు నాన్నది, ఆచూకీ అమ్మది

మనవాళ్లలో ఇంటిపేరు చెప్పామంటే సగం చుట్టరికం కలిసినట్టే. 'ఏ ఊరి వేమూరివారండీ?' అని మొదలుపెట్టిన ఆవిడ కాఫీ గ్లాసు కింద పెట్టేలోగా వేలువిడిచిన మేనమామ దగ్గర తేలుతుంది. ఈ సరదాలో మనకు సాటిరాగలవాళ్లెవరైనా వుంటే వాళ్లు ఐర్లండువాళ్లే. అమ్మాయి పురిటికని వెళ్లి డబ్లిన్‌లో ఆరు నెలలు వుండివచ్చిన దాన్ని కనుక ఈ మాట ధైర్యంగా చెబుతున్నాను.

మన ఇంటిపేర్లలో చాలా మటుకు ఊళ్ల పేర్లు. వాళ్లవి చాలా మటుకు తాతల పేర్లు. 'మాక్' అంటే కొడుకు, 'ఓ' అంటే మనుమడు. 1014లో క్లాన్‌టార్ఫ్ యుద్ధంలో చనిపోయిన బ్రయన్ బోరూ అనే రాజు వారసులు ఓబ్రయన్లయ్యారు. అంతకంటే పాతది ఓ క్లేరీ. ఆ ఇంటిపేరుగల గాల్వే ప్రాంతపు ప్రభువొకాయన 916లో పోయినట్టు వాళ్లు ఏటేటా రాసుకున్న పాత గ్రంథాల్లో వుంది. తండ్రి నుంచి కొడుక్కి దిగివచ్చే ఇంటిపేర్లలో యూరపు మొత్తంమీద ఇదే మొదటిదని గొప్పగా చెప్పుకుంటారు.

సరే, మరి ఆడపిల్ల సంగతి? 'ఓ' అంటే మనుమడు కదా, ఆడపిల్ల మనుమడెలా అవుతుంది? అందుకని ఐరిష్ భాషలో ఆడపిల్ల ఇంటిపేరుకు ముందు 'నీ' అని పెడతారు. ఫలానా వంశంవాడి కూతురు అని దానర్థం. పెళ్లయితే 'బాన్ ఈ' అంటారు, అంటే ఆ వంశంవాడి భార్య. మనం నల్లపూసలో మట్టెలో చూసి తెలుసుకునే సంగతి అక్కడ పేరే చెప్పేస్తుందన్నమాట! అయితే ఒకటి. పాత రోజుల్లో అక్కడి స్త్రీలు పెళ్లయ్యాక కూడా పుట్టింటి పేరు వదిలేవారు కారు. మొగుడి పేరు తగిలించుకోవడం ఇంగ్లీషువాళ్లతో వచ్చిన మోజు.

ఇంగ్లీషువాళ్లు పెట్టిన తిప్పలు అంతటితో అయిపోలేదు. డబ్లిన్ చుట్టుపక్కల తమ ఏలుబడిలో వున్న ఐరిష్‌వాళ్లంతా ఇంగ్లీషు ఇంటిపేర్లు పెట్టుకోవాలని 1465లో చట్టం చేశారు. ఊరి పేరైనా సరే, రంగు పేరైనా సరే, వృత్తి పేరైనా సరేనట. దాంతో మాక్ గవన్లు, అంటే కమ్మరివాడి కొడుకులు, కొందరు స్మిత్‌లైపోయారు. ఇంకో పేరులో 'సేర్' అనే మాట వుంది. దానికి వడ్రంగి అనీ అర్థమే, స్వేచ్ఛగలవాడు అనీ అర్థమే. ఇంకేముంది, ఒకే ఇంటిపేరువాళ్లు ఒకచోట కార్పెంటర్లు, మరోచోట ఫ్రీమన్లు అయ్యారు. చాలామంది ముందున్న 'ఓ'ను కూడా వదిలేసుకున్నారు. మళ్లీ పందొమ్మిదో శతాబ్దం చివర స్వభాషాభిమానం పొంగినప్పుడు కొందరు తగిలించుకున్నారు, కొందరు బద్ధకించారు. అన్న ఓసలివన్, తమ్ముడు వట్టి సలివన్ అయితే పెళ్లిళ్ల పేరయ్య ఏమైపోవాలి చెప్పండి?

మనకు బాగా దగ్గరివాళ్ల పేరే చూడండి. 1919లో రవీంద్రనాథ్ ఠాగూరు మదనపల్లె వచ్చినప్పుడు 'జనగణమన' బాణీకి స్వరలిపి రాసిపెట్టిన మార్గరెట్ కజిన్స్ ఐర్లండు ఆడపడుచు. రాస్‌కామన్ జిల్లా బాయిల్ అనే ఊళ్లో 1878లో పుట్టింది. 1927లో అఖిల భారత మహిళా సభ పుట్టుకకు ఆవిడే ముఖ్యకారకురాలు. కజిన్స్ అన్నది భర్త ఇంటిపేరు. పుట్టింటివారు గిలెస్పీలు. అంటే బిషప్పుగారి సేవకుడి కొడుకులు. తమాషా ఏమిటంటే ఇదే పేరు స్కాట్లండులోనూ వుంది. పేరొక్కటే పట్టుకుంటే ఏ దేశపు గిలెస్పీయో చెప్పడం ఎవరి తరమూ కాదు. మనం ఆవిణ్ణి తలుచుకునేది కజిన్స్‌గానే కనుక ఆ ప్రశ్న కూడా ఎవరికీ రాదు.

పేర్లు సరే, కాగితాలైనా వున్నాయా అంటే, అదొక కన్నీటి కథ. 1845లో బంగాళాదుంపలకు తెగులు పట్టి ఏళ్ల తరబడి సాగిన కరువులో సుమారు 10 లక్షలమంది చనిపోయారు. మరో 10 లక్షలకు పైగా ఓడలెక్కి దేశం విడిచారు. వాళ్ల మునిమనుమలే ఇవాళ అమెరికా నుంచీ ఆస్ట్రేలియా నుంచీ తమ మూలాలు వెతుక్కుంటూ వస్తున్నారు. వాళ్లు వెతకవలసిన జనాభా లెక్కలేమో 1922 జూన్ 30న, అంతర్యుద్ధంలో, డబ్లిన్ ఫోర్ కోర్ట్స్ దగ్గర రికార్డుల భవనం పేలి తగలబడినప్పుడు బూడిదయ్యాయి. 1821 నుంచి 1851 దాకా తీసిన లెక్కల్లో మిగిలింది చిల్లరమల్లర కాగితాలే. 1861, 1871 లెక్కల్ని అంతకుముందే సర్కారువారు తామే నాశనం చేశారు. 1881, 1891 వాటిని మొదటి ప్రపంచయుద్ధంలో కాగితం కరువని గుజ్జు చేశారు. పాత వారపత్రికలు దాచుకుంటే ఇంట్లో మగవాళ్లు విసుక్కుంటారు గానీ, దాచడమంటే ఏమిటో ఐర్లండువాళ్లనడగాలి.

మిగిలినవి పన్నుల జాబితాలు, చర్చి పుస్తకాలు. పన్నుల జాబితాలో ఇంటి యజమాని పేరే వుంటుంది. ఆడవాళ్లు అందులోకి ఎక్కాలంటే చాలావరకు వితంతువులు కావలసిందే. చర్చి పుస్తకం అలా కాదు. బిడ్డకు జ్ఞానస్నానం చేయించినప్పుడు తండ్రి పేరు పక్కన తల్లి పేరు, అదీ పుట్టింటి ఇంటిపేరుతో సహా రాసుకునేవారు. ఇదెంత మేలు చేసిందో ఊహించండి. ఒక్క చర్చి పరిధిలో పాట్రిక్ మర్ఫీలు అయిదుగురున్నారనుకోండి. ఐర్లండులో కెల్లా ఎక్కువమందికున్న ఇంటిపేరు మర్ఫీ. అయిదుగురి కొడుకులూ పాట్రిక్‌లు, జాన్‌లే. పెద్ద కొడుక్కి తండ్రి తండ్రి పేరు, పెద్ద కూతురికి తల్లి తల్లి పేరు పెట్టే ఆనవాయితీ మనకు మల్లేనే వాళ్లకూ వుంది మరి. ఈ అయిదుగురినీ విడదీసేది వాళ్ల భార్యల పుట్టింటి పేర్లే!

డబ్లిన్‌లో మా పక్కింటి పెద్దావిడ తన వంశవృక్షం వంటింటి బల్లమీద పరిచి చూపించింది. మగవాళ్ల కొమ్మలు గట్టి సిరాతో, ఆడవాళ్లవి పెన్సిలుతో గీసివున్నాయి. 'ఇవి నేను కనుక్కున్నవి' అంది పెన్సిలు గీతలు చూపిస్తూ. ఆవిడకు పిల్లలు క్రిస్మస్ కానుకగా డి.ఎన్.ఏ. పరీక్ష డబ్బా కొనిచ్చారట. చిన్న గొట్టంలో ఉమ్మి నింపి పోస్టులో పంపడమే.

ఈ పరీక్షల్లోనూ నాన్నల దారి, అమ్మల దారి వేరువేరు. తండ్రి నుంచి కొడుక్కి మాత్రమే పోయేది వై క్రోమోజోము. ఇంటిపేరు నడిచే దారి కూడా అదే కనుక దానిమీద మోజెక్కువ. 2006లో డబ్లిన్ ట్రినిటీ కాలేజీ శాస్త్రజ్ఞులు వాయవ్య ఐర్లండులో ప్రతి అయిదుగురు మగవాళ్లలో ఒకరికి ఒకే గుర్తు వున్నదని కనిపెట్టారు. అంతా సగం చరిత్ర, సగం కథ అయిన నీల్ అనే పాతకాలపు రాజు సంతానమేనని పత్రికలు ఊదరగొట్టాయి. ఆ గుర్తు నీల్ కంటే పాతదని తర్వాత లెక్కలు తేల్చాయి లెండి. రాజుగారి మనవలమంటే ఎవరికి చేదు!

తల్లి నుంచి వచ్చేది ఇంకొకటుంది. అది కొడుకులకూ వస్తుంది, కూతుళ్లకూ వస్తుంది. కానీ ముందుకు తీసుకుపోయేది కూతుళ్లు మాత్రమే. దాని వెంట నడిచే ఇంటిపేరు ఏదీ లేదు. తరానికొకసారి పేరు మారిపోతుంటే ఎక్కడని వెతుకుతారు? మూడోది అమ్మ నుంచి సగం, నాన్న నుంచి సగం వచ్చేది. ఆడా మగా తేడా లేకుండా నాలుగైదు తరాల చుట్టాలను అది బయటపెడుతుంది. పక్కింటావిడ పెన్సిలు కొమ్మల్లో కొన్ని అలా చిగిర్చినవే.

మల్లయోధుల్ని మించిన కుస్తీపట్టు ఈ ఇంటిపేరుది! పేరునే నమ్ముకుంటే ముష్టియుద్ధ వీరుడు ముహమ్మద్ అలీకీ ఐర్లండుకీ ఏం సంబంధం? ఆయన ముత్తాత ఏబ్ గ్రేడీ క్లేర్ జిల్లా ఎన్నిస్ నుంచి 1860ల్లో అమెరికా పోయి, బానిసత్వం నుంచి విడుదలైన నల్లజాతి స్త్రీని పెళ్లాడాడు. అలీ తల్లి పుట్టింటి పేరు గ్రేడీ. 2009లో ఆయన ఎన్నిస్ వెళితే ఊరు ఊరంతా వీధిలోకి వచ్చింది. బరాక్ ఒబామా సంగతీ అంతే. ఇంటిపేరు కెన్యాది. అమ్మవైపు అయిదు తరాల వెనక, 1850లో మనీగాల్ అనే పల్లె వదిలిన ఫాల్మత్ కార్నీ వున్నాడు. చెప్పులు కుట్టే ఆయన కొడుకు. 2011లో అధ్యక్షుడి హోదాలో ఒబామా ఆ పల్లెకు వెళ్లొచ్చాడు. ఇద్దరినీ ఆ గడ్డకు చేర్చింది అమ్మలే.

వీళ్లకు అది ముచ్చట. కొందరికి అది ప్రాణసంకటం. పెళ్లికాకుండా తల్లులైన ఆడపిల్లల్ని ఐర్లండులో ఏళ్ల తరబడి ప్రత్యేకమైన ఆశ్రమాల్లో దాచేవారు. పిల్లల్ని దత్తతకిచ్చి కాగితాలు మూసేసేవారు. తన అసలు జనన పత్రం చూసుకునే హక్కు దత్తుపోయినవాళ్లకు 2022 చట్టంతో గానీ రాలేదు. ఈలోగా ఎందరో ఉమ్మి గొట్టం ద్వారా ఎక్కడో ఒక దూరపు చుట్టాన్ని పట్టుకుని, అక్కడినుంచి తల్లి దాకా నడిచారు.

గాల్వే జిల్లా ట్యూమ్‌లో 1925 నుంచి 1961 దాకా అలాంటి ఆశ్రమం వుండేది. అందులో పోయిన పిల్లల్ని ఎక్కడ పూడ్చారని ఆ ఊరి చరిత్ర రాసుకునే కాథరిన్ కార్లెస్ అనే గృహిణికి అనుమానం వచ్చింది. మరణ పత్రాలు తెప్పించి చూస్తే 796 తేలాయి. ఒక్కరికీ సమాధి రాయి లేదు. 2014లో ఈ సంగతి లోకమంతా పొక్కింది. 2017లో అక్కడి భూగర్భపు అరల్లో శిశువుల ఎముకలు బయటపడ్డాయి. 2025 జూలైలో పూర్తి తవ్వకాలు మొదలయ్యాయి. దొరికిన ఎముకల్ని పోల్చి చూడడానికి ఆ పిల్లల తోబుట్టువులు, ఇప్పుడు డెబ్భైలూ ఎనభైలూ దాటినవాళ్లు, డి.ఎన్.ఏ. నమూనాలు ఇచ్చారు. కాథరిన్ జాబితాలో ఆ పిల్లల పక్కన వున్న ఇంటిపేర్లు చాలా మటుకు వాళ్ల అమ్మలవే.