ఇరవై ఫ్రాంకుల బంగారు కాసు

ఫ్రెంచివాళ్ళ పేరెత్తగానే మనకు గుర్తొచ్చేవి 1757 నాటి బొబ్బిలి యుద్ధం, బుస్సీ దొర, ఆ తరువాత యానాం. యానాం 1954 దాకా వాళ్ళ పాలనలోనే ఉంది. అయినా నేను కూడబెట్టే పంతొమ్మిదో శతాబ్దపు ఫ్రెంచి బంగారు నాణేలకూ యానాం బజారుకూ సంబంధం తక్కువ. అక్కడ లెక్కలన్నీ రూపాయల్లోనే నడిచేవి. పైగా నెపోలియన్ ఏలినంతకాలం యానాం ఇంగ్లీషువాళ్ళ చేతిలో ఉండేది; 1814 పారిస్ ఒప్పందం వల్లనే తిరిగి ఫ్రాన్సుకు దక్కింది.

ఇక నాణెం సంగతి. నూటికి 90 పాళ్ళు బంగారం ఉన్న కిలో లోహంతో 155 నాణేలు పోయాలని 1803లో చట్టం చేశారు. అంటే ఒక్కొక్కటి 6.45 గ్రాములు. 1914 దాకా రాజులు, చక్రవర్తులు, రిపబ్లిక్కులు వచ్చి పోయారు గాని ఈ తూకం మారలేదు. బొమ్మ మాత్రం ప్రభుత్వం మారినప్పుడల్లా మారింది. నా దగ్గరున్న వాటిలో నాకు బాగా ఇష్టమైనది 1808 నాటిది. ఒకవైపు "నెపోలియన్ చక్రవర్తి" అని, రెండోవైపు "ఫ్రెంచి రిపబ్లిక్" అని ఉంటుంది! చక్రవర్తి ఉన్న రిపబ్లిక్ ఏమిటని ఎవరూ అడిగినట్టు లేదు. 1809 నుంచి "ఫ్రెంచి సామ్రాజ్యం" అని దిద్దారు. అలాగే "బీబీ" అనే గుర్తున్నవి స్ట్రాస్‌బర్గ్ టంకశాలవి. 1870 యుద్ధంలో ఆ ఊరు జర్మనీ పాలైంది, ఆ గుర్తూ ఆగిపోయింది.

1865లో ఫ్రాన్సు, బెల్జియం, ఇటలీ, స్విట్జర్లాండ్ ఒకే తూకానికి ఒప్పుకున్నాయి. యూరోకు ముత్తాత అన్నమాట. మన అమెరికా కూడా దానికి దగ్గరగా ఉండేలా 1879లో నాలుగు డాలర్ల బంగారు నాణెం నమూనాగా కొట్టింది గాని చెలామణీలోకి తేలేదు. ప్లెయిన్స్‌బరోలో ఉండేవారికి ఒక సదుపాయం: పక్కనే ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయపు ఫైర్‌స్టోన్ గ్రంథాలయంలో పెద్ద నాణేల సేకరణ ఉంది.

కొనేవారికి ఒక మాట. 1899 నుంచి వచ్చిన కోడిపుంజు బొమ్మ నాణేల్లో 1907–1914 సంవత్సరాలు వేసి ఉన్నవి చాలావరకు 1951–1960 మధ్య పాత తేదీలతోనే మళ్ళీ కొట్టినవి. రంగు కాస్త ఎర్రగా ఉంటుంది. వాటికి బంగారం ధర మించి ఇవ్వనక్కరలేదు.

మన ఇళ్ళలో కాసంటే ఎనిమిది గ్రాములు. అది ఇంచుమించు ఇంగ్లీషు సవరను తూకం. కాసును తూచడమే గాని చదవడం మనకు అలవాటు లేదు. కొక్కెం అతికించగానే నాణేనికి చరిత్ర విలువ పోయి బంగారం విలువే మిగులుతుంది. ఎన్ని పాత నాణేలు అలా కరిగిపోయాయో! మా అత్తగారు నా పెట్టె చూసి, "అల్లుడుగారూ, వీటితో మనవరాలికి కాసులపేరు చేయించరాదూ" అన్నారు. 1808 దాన్ని, స్ట్రాస్‌బర్గ్‌వాటిని పక్కన పెట్టి, మళ్ళీ కొట్టిన కోడిపుంజులన్నీ ఆవిడ చేతిలో పెట్టాను. గోదావరి మనిషి కదా, పుంజుల్ని చూసి ఆవిడ మారు మాట్లాడలేదు.