తిట్లు తిన్న ఆల్బమ్

1977లో న్యూయార్క్ సంగీత జంట అలన్ వేగా, మార్టిన్ రెవ్ తమ బృందం పేరుతోనే ‘సూసైడ్’ ఆల్బమ్ తెచ్చారు. అందులో గిటారు లేదు, డ్రమ్మరు లేడు; ఆర్గన్, రిథమ్ మెషీన్, ఒక గొంతు, అంతే. రోలింగ్ స్టోన్ పత్రిక చులకన చేసింది. కాలం కంటే ముందు పుట్టిందని ఇప్పుడు అనడం తేలికే గానీ, బ్రిటన్ విమర్శకుల్లో కొందరు అప్పుడే మెచ్చుకున్నారు. కాబట్టి అడ్డొచ్చింది కాలం కాదు, రాక్ అంటే గిటారే అన్న అలవాటు. 1978లో బ్రసెల్స్ జనం గాయకుడు ఎల్విస్ కాస్టెల్లో కోసం వచ్చి, ముందు పాడుతున్న వీళ్ల మైకు లాక్కున్నారు. వేగా కావాలనే రెచ్చగొట్టేవాడుగా అంటారా? వేదిక మీద నిజమే. కానీ పేద ఫ్యాక్టరీ కార్మికుడి పతనాన్ని పది నిమిషాలకు పైగా వినిపించే ‘ఫ్రాంకీ టియర్‌డ్రాప్’ను కేవలం అల్లరి అనలేం. దాని ప్రభావం రాక్ గాయకుడు స్ప్రింగ్‌స్టీన్ 1982 ఆల్బమ్ ‘నెబ్రాస్కా’లో వినిపిస్తుంది. 2003లో అదే రోలింగ్ స్టోన్ తన 500 గొప్ప ఆల్బమ్‌ల జాబితాలో ‘సూసైడ్’నూ చేర్చుకుంది.