క్లచ్ ప్లేటూ, ముల్తానీ మట్టీ

కుట్టుమిషను తొక్కిన వాళ్ళకి క్లచ్ గురించి వేరే పాఠం చెప్పక్కర్లేదు. బెల్టు వదులైందనుకోండి, కింద కాళ్ళు ఆడుతూనే ఉంటాయి, సూది మాత్రం కదలనంటుంది. బండిలో క్లచ్ అరిగినా అంతే. ఇంజను గొంతు చించుకుంటుంది, బండి ముందుకు పోదు, పైగా మాడువాసన! ఇంజనుకీ చక్రాలకీ నడుమ బిళ్ళలు ఒకదాన్నొకటి కరుచుకుని తిరుగుతాయి. క్లచ్ నొక్కితే విడిపోతాయి, వదిలితే కలుసుకుంటాయి. ఆ పట్టు కోసం బిళ్ళకి అతికించే పొర ఉంటుందే, అరిగేది అదీ. దాన్ని ఏ కాలంలో దేనితో చేశారో చూస్తే, చాలా మటుకు మన ఇళ్ళలోని సామానే కనిపిస్తుంది నాకు.

మొదట్లో తోలు. పాతకాలపు కార్లలో క్లచ్ గరాటు ఆకారంలో ఉండేది, దానికి తోలు తొడిగేవారు. తోలు ఎండి బిరుసెక్కితే బండి ఎగిరెగిరి పడేది. అప్పుడు ఆముదం పట్టించేవారు. నూనె ఎక్కువై జారితే? ముల్తానీ మట్టి చల్లేవారు! అవునండీ, జిడ్డు పోవాలని మనం మొహానికి రాసుకునే మట్టే. ఈ వైద్యమంతా ఇంటిదగ్గరే జరిగిపోయేది.

తోలు మాట వచ్చింది గనక బెర్తా బెంజ్‌ని తలుచుకోకుండా ఉండలేను. 1888 ఆగస్టులో ఆవిడ మొగుడికి చెప్పకుండా, ఆయన చేసిన మూడుచక్రాల బండిలో ఇద్దరు కొడుకుల్నీ ఎక్కించుకుని, మన్‌హైమ్ నుంచి పుట్టింటి ఊరు ప్ఫోర్జ్‌హైమ్‌కి నూరు కిలోమీటర్ల పైచిలుకు వెళ్ళింది. దారిలో చెక్క బ్రేకులు అరిగిపోతే, చెప్పులు కుట్టే అతని దగ్గర ఆపి వాటికి తోలు కొట్టించింది. క్లచ్ కాదు, బ్రేకే అనుకోండి. కానీ ఆ పొరల కథ రెంటికీ ఒకటే.

ఇంగ్లండులో డెర్బీషైర్ కొండదారుల్లో బళ్ళు తోలేవాళ్ళు పాత బూట్లు చెక్క బ్రేకులకి మేకులు కొట్టి వాడుకునేవారట. అది చూసిన హెర్బర్ట్ ఫ్రూడ్, 1897లో, బూటు కన్నా మెరుగైనది చేయాలని పెరటి షెడ్డులో నూలుపట్టాలతో ప్రయోగాలు మొదలుపెట్టాడు. ఫెరోడో కంపెనీ అలా పుట్టింది. ఫ్రూడ్ అక్షరాల్ని తారుమారు చేసి, భార్య ఎలిజబెత్ పేరులోని మొదటి అక్షరం కలిపి ఆ పేరు పెట్టాడంటారు.

1908 నుంచి 1927 దాకా కోటిన్నరకి పైగా తయారైన ఫోర్డ్ మోడల్-టి కార్లలోనూ నూలే. పెడల్ తొక్కితే డ్రమ్ముల చుట్టూ నూలుపట్టీలు బిగుసుకునేవి. అవి అరిగితే అమెరికాలో రైతు తన ఇంటిముందే గేరుపెట్టె మూత తీసి కొత్తవి వేసుకునేవాడు. నట్టు జారి లోపల పడకుండా ముందుగా గుడ్డ కుక్కేవారు. ఆ గుడ్డ ఏ పాత గౌనుదో!

మనకి తెలిసింది స్కూటరు. 1972లో వచ్చిన బజాజ్ చేతక్ క్లచ్‌లో కార్కు ప్లేట్లు, అంటే సీసా బిరడా చేసే చెట్టుబెరడే. మావారు 1984 ప్రాంతాల్లో ఆదివారంపూట స్కూటర్ని వరండాలో పక్కకి పడుకోబెట్టి వాటిని మార్చేవారు. కొత్త ప్లేట్లని ముందురోజు రాత్రే నూనెలో నానవేయాలి. నేను ఒక గిన్నెలో పప్పు నానేస్తే ఆయన ఇంకో గిన్నెలో క్లచ్ నానేసేవారు. “ఆ గిన్నె మళ్ళీ వంటింట్లోకి రాకూడదు సుమండీ” అని నేను ముందే చెప్పేసేదాన్ని.

ఈ కార్కు నూనెలోనే తిరుగుతుంది కనుక పొడి రేగదు. కార్లలో క్లచ్ చాలామటుకు పొడిది, వేడి ఎక్కువ. తోలూ నూలూ మాడిపోయేవి. మాడనిది కావలసివచ్చి రాతినార దొరికింది, అదే ఆస్‌బెస్టాస్. ఫ్రూడే 1908 నాటికి దాన్ని వాడాడు. ఆ తరవాత దశాబ్దాల తరబడి బ్రేకుల్లో, క్లచ్‌లలో అదే రాజ్యమేలింది. అరిగిన పొడి గేర్‌బాక్సు ముందున్న డొల్లలో పేరుకునేది. విప్పినవాడు ఉఫ్‌మని ఊదేవాడు, కొంత చొక్కా మీద పడేది. ఆ చొక్కా ఎవరు ఉతికేవారు?

1965లో లండన్‌లో మాలీ న్యూహౌస్ అనే డాక్టరమ్మ, హిల్డా థామ్సన్‌తో కలిసి ఒక పరిశోధన ప్రకటించింది. ఊపిరితిత్తుల మీది పొరకీ, కడుపులోని పొరకీ వచ్చే మీసోథీలియోమా అనే క్యాన్సరు రోగులు 76 మంది వివరాలు తీసింది. అందులో 9 మంది ఆస్‌బెస్టాస్ పని తాము చేయలేదు, ఇంట్లోవాళ్ళు చేశారు. ఎక్కువగా వినిపించిన కథ ఒకటే, భర్త పనిబట్టలు ఉతికిన భార్య. వాళ్ళు కార్లు విప్పేవాళ్ళ భార్యలు కారు, నిజమే. కానీ నార అదే. ఒంట్లోకి పోయాక ఇరవై, ముప్ఫై, నలభై ఏళ్ళకి బయటపడుతుంది. బట్టలుతికిన రోజులు ఎవరికి గుర్తుంటాయి?

బ్రిటన్ 1999లో దాన్ని బ్రేకుల్లోంచీ క్లచ్‌లలోంచీ కూడా తీసేయించింది. కొత్త ప్లేట్లలో గాజునారా అవీ వాడుతున్నారు. అయితే పాతకార్ల మోజున్న మగవాళ్ళు ఇప్పటికీ ఇంటి షెడ్డులో పాత క్లచ్‌లు విప్పుతూనే ఉన్నారు, వాటిలో ఏముందో పైకి చూస్తే తెలియదు. మీ ఇంట్లో అలాంటివారుంటే ఊదనివ్వకండి, చీపురూ ఇవ్వకండి. తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డని తడిగానే సంచిలో కట్టి పారేయమనండి. విప్పిన చొక్కాని దులపకండి, పిల్లల బట్టలతో కలిపి నానేయకండి.