కాడికి రెండెద్దులు

అనంతపురం మెట్టపొలాల్లో ఎద్దులతో గొర్రు తోలినవాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు, ఒంటెద్దుతో సేద్యం సాగదు. కణం పైపొరలో ఉండే టైరోసిన్ కైనేజ్ గ్రాహకాల తీరూ అదే. బయటినుంచి హార్మోనో, పెరుగుదల కారకమో వచ్చి తగిలితే రెండు గ్రాహకాలు జతకూడతాయి. లోపలి కొసల్లోని అమైనో ఆమ్లాలైన టైరోసిన్‌ల మీద ఒకదానికొకటి ఫాస్ఫేటు అంటించుకుంటాయి. పెరగాలా, చీలాలా, చక్కెర లోపలికి తీసుకోవాలా అన్నది ఆ గుర్తులను బట్టే కణం తేల్చుకుంటుంది. మనిషిలో ఇలాంటివి 58 రకాలు. వీటిలో ఇన్సులిన్ గ్రాహకం మాత్రం పుట్టుకతోనే కాడికి కట్టిన జత.

విచిత్రమేమంటే, పని ముందు తెలిసింది, పనివాడి గుట్టు అరవై ఏళ్లకు గానీ తేలలేదు. 1921లో టొరంటోలో బాంటింగ్, బెస్ట్ ఇన్సులిన్ తీశారు. పేటెంటును విశ్వవిద్యాలయానికి తలా ఒక డాలరుకు ఇచ్చేశారు. ఈ డాలరును గుర్తుంచుకోండి. ఇన్సులిన్ గ్రాహకం కూడా టైరోసిన్ కైనేజే అని తేలింది 1982లో. ఇవాళ పల్లెపల్లెనా వినిపించే షుగరులో చాలామందికి కొరత ఇన్సులిన్‌ది కాదు, ఎద్దులు కదిలినా గొర్రు నేలలో దిగదు.

1962లో స్టాన్లీ కోహెన్ ఎలుక లాలాజల గ్రంథుల సారంలోని ఒక ప్రోటీను పిల్ల ఎలుకల కళ్లు ముందే తెరిపిస్తోందని చూపాడు. అదే ఈజీఎఫ్ అనే పెరుగుదల కారకం. 1979లో టోనీ హంటర్ అమైనో ఆమ్లాలను విడదీసే ప్రయోగంలో కొత్త ద్రావణం కలుపుకోవడానికి బద్ధకించి పాతదే వాడాడు. దాని ఆమ్లత మారిపోయి ఉంది కాబట్టే, అంతవరకూ ఎవరి కంటా పడని ఫాస్ఫోటైరోసిన్, అంటే ఫాస్ఫేటు అంటిన టైరోసిన్, విడిగా కనిపించింది. బద్ధకానికి ఇంత ఫలం దక్కడం సైన్సు చరిత్రలో అరుదు! మరుసటేడే కోహెన్ బృందం ఈజీఎఫ్ గ్రాహకం చేసే పనీ టైరోసిన్ మీద ఫాస్ఫేటు అంటించడమేనని చూపింది.

1984లో కోళ్లకు కేన్సర్ తెచ్చే వైరస్‌లో ఇదే గ్రాహకం మొండెం దొరికింది. బయటి తల లేదు, తోలేవాడు లేకున్నా పరుగు ఆగదు. గ్రాహకం కబురు లోపలికి మోసే రాస్ ప్రోటీనులో ఒక్క అమైనో ఆమ్లం మారినా కణం అదుపు తప్పుతుందని 1982లో తేల్చినవారిలో ఉస్మానియాలో పిహెచ్‌డి చేసిన ఇ. ప్రేమ్‌కుమార్ రెడ్డి ఒకరు. మన పాఠ్యపుస్తకాల్లో ఆయన పేరు ఉండాల్సింది.

ఆపైన మందుల కాలం. హెర్2 గ్రాహకం ఎక్కువైన రొమ్ము కేన్సర్‌కు 1998లో ట్రాస్టుజుమాబ్, మూత్రపిండం, కాలేయం కేన్సర్లకు సోరాఫెనిబ్. కణితికి నెత్తురు నాళాలు పిలిపించే గ్రాహకాలను సోరాఫెనిబ్ అడ్డుకుంటుంది. పేటెంటున్న బేయర్ కంపెనీ దాన్ని అమ్మిన ధర నెలకు 2,80,428 రూపాయలు. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వానను నమ్ముకుని వేరుశనగ వేసే రైతుకు ఆ మందు ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే. టొరంటో డాలరు నుంచి ఇక్కడికి చేరాం.

2012 మార్చి 9న పేటెంట్ల కంట్రోలర్ పి.హెచ్. కురియన్ హైదరాబాదు నాట్కో ఫార్మాకు బేయర్ ఒప్పుకోకున్నా ఆ మందు తయారుచేసుకునేలా నిర్బంధ లైసెన్సు ఇచ్చారు. నెలకు సరిపడా 120 మాత్రలు 8,880 రూపాయలకు మించకూడదు, బేయర్‌కు ఆరు శాతం రాయల్టీ. బేయర్ సుప్రీంకోర్టు దాకా వెళ్లినా 2014లో ఆ లైసెన్సే నిలిచింది. పరిశోధనకు ఖర్చవుతుందన్న మాట నిజమే కానీ, రోగికి అందని మందు ప్రయోగశాల దాటనట్టే. దేశంలో అలాంటి లైసెన్సు అదే మొదటిది. ఆ తర్వాత మరొకటి రాలేదు.