వాయేజర్-2

బాహ్య గ్రహాల పరిశోధనకు అమెరికా అంతరిక్ష సంస్థ నాసా 1977 ఆగస్టు 20న ప్రయోగించిన వ్యోమనౌక. యురేనస్, నెప్ట్యూన్‌ల చెంతకు వెళ్లినది ఇప్పటికీ ఇదొక్కటే. దీని జంట నౌక వాయేజర్-1 పదహారు రోజుల తర్వాత బయలుదేరింది.

నాలుగు పెద్ద గ్రహాలు ఇలాంటి యాత్రకు అనువుగా అమరేది సుమారు 175 ఏళ్లకోసారి. ఆ అదను చూసుకుని, ఒక్కో గ్రహం గురుత్వాకర్షణతో దారి మలుచుకుంటూ ఈ నౌక గురుగ్రహాన్ని 1979లో, శనిని 1981లో, యురేనస్‌ను 1986లో, నెప్ట్యూన్‌ను 1989లో దాటింది. వీటన్నిటిలో అబ్బురపరిచింది నెప్ట్యూన్ ఉపగ్రహం ట్రైటన్. అక్కడ ఉష్ణోగ్రత సుమారు మైనస్ 235 డిగ్రీల సెల్సియస్. అంతటి చలిలోనూ నేలలోంచి నల్లటి ధూళితో కూడిన వాయుధారలు సుమారు 8 కిలోమీటర్ల ఎత్తుకు చిమ్మడం ఛాయాచిత్రాల్లో కనిపించింది. గడ్డకట్టిన ఆ లోకంలో ఇంత కదలికను ఎవరు ఊహించగలరు!

నౌకకు బిగించిన బంగారు పూత రాగి రికార్డులో 55 భాషల పలకరింపులున్నాయి. వాటిలో తెలుగూ ఉంది.

2018 నవంబరు 5న వాయేజర్-2 సౌరపవనాల పరిధి దాటి నక్షత్రాంతర ప్రదేశంలోకి ప్రవేశించింది. ప్లుటోనియం వేడితో పుట్టే విద్యుత్తు ఏటా తగ్గుతుండడంతో పరికరాలను ఒక్కొక్కటిగా ఆపుతున్నారు.