చద్దన్నం

చద్దన్నం తెలుగువారి పులియబెట్టిన ఆహారం. రాత్రి అన్నాన్ని నీళ్లలో నానబెట్టి, లేదా పాలు పోసి తోడు వేసి, పొద్దున్నే ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ నంజుకుని తింటారు. కోస్తా ఇళ్లలో అన్నం, గంజి పులియబెట్టి చేసే తరవాణి కూడా ఇలాంటిదే.

తోడులోని లాక్టిక్ ఆమ్ల బ్యాక్టీరియా పాలచక్కెరను ఆమ్లంగా మారుస్తుంది. ఆ పులుపు హానికర సూక్ష్మజీవులను చాలావరకు ఎదగనివ్వదు. చల్లారిన అన్నంలోని కొంత పిండిపదార్థం చిన్నపేగులో అరగక పెద్దపేగుకు చేరి, అక్కడి మేలుచేసే బ్యాక్టీరియాకు మేతవుతుంది. ఉల్లిలోని పీచుదీ అదే పని.

2021లో ‘సెల్’ పత్రికలో వెలువడిన స్టాన్‌ఫోర్డ్ అధ్యయనంలో 36 మంది ఆరోగ్యవంతులు పాల్గొన్నారు. వారిలో 10 వారాలు పెరుగు, కెఫిర్, కిమ్చీ వంటి పులియబెట్టిన ఆహారాలు ఎక్కువగా తిన్నవారి పేగుల్లో సూక్ష్మజీవుల వైవిధ్యం పెరిగింది. చద్దన్నాన్ని మాత్రం అందులో పరీక్షించలేదు.

అన్నం గోరువెచ్చగా ఉండగానే తోడు వేయాలి. బూజు పట్టినా, చెడు వాసన వచ్చినా పారేయాలి.