ఆఫ్రికాలో వైద్య విద్యార్థులకు పరిశోధన శిక్షణ

సహారా ఎడారికి దక్షిణాన ఉన్న ఆఫ్రికా దేశాల్లో వైద్యం చదివేవారికి పరిశోధన కూడా నేర్పాలన్న ప్రయత్నాల్లో పెద్దది, 2010లో మొదలైన వైద్య విద్యా భాగస్వామ్య పథకం. పొడి అక్షరాల్లో దీన్ని ‘మెపి’ అంటారు. ఎయిడ్స్ సహాయ నిధి పెప్ఫార్, జాతీయ ఆరోగ్య సంస్థల ద్వారా అమెరికా ప్రభుత్వం ఐదేళ్లకు సుమారు 13 కోట్ల డాలర్లు కేటాయించింది. 12 దేశాల్లోని 13 వైద్య విద్యాలయాలకు ఆ సొమ్ము అందింది.

ఈ పథకం అవసరం ఎంతటిదో ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006 నివేదికే చెబుతుంది. ప్రపంచ వ్యాధి భారంలో 24 శాతం ఆఫ్రికాదైతే, ఆరోగ్య సిబ్బందిలో అప్పట్లో అక్కడున్నది 3 శాతమే. 2011లో పరిశోధకుడు ఫిట్జ్‌హ్యూ ములన్ బృందం ప్రచురించిన సర్వేలో సహారా దక్షిణ దేశాలన్నిటికీ కలిపి 168 వైద్య కళాశాలలే లెక్కతేలాయి. అప్పటికి 11 దేశాల్లో ఒక్కటి కూడా లేదు, 24 దేశాల్లో ఒక్కొక్కటే ఉండేది.

ఆఫ్రికా వ్యాధుల మీద గొప్ప పరిశోధనలు అంతకుముందూ జరిగాయి. పిల్లల్లో వచ్చే ఒక క్యాన్సర్‌ను యుగాండా రాజధాని కంపాలాలోని ములాగో ఆసుపత్రిలో పనిచేస్తూ డెనిస్ బర్కిట్ 1958లో వివరించాడు, అది ఆయన పేరుతోనే బర్కిట్ లింఫోమా అయింది. కానీ ఆ కాలంలో పరిశోధనకు నాయకత్వం ఎక్కువగా బయటివారిదే. మెపి గ్రాంటును ఆఫ్రికా విద్యాలయాల చేతికే ఇచ్చారు, అమెరికా విశ్వవిద్యాలయాలు భాగస్వాములుగా వచ్చాయి. ఏ ప్రశ్నను పరిశోధించాలో స్థానికులే తేల్చుకునే వీలు దీనివల్ల కలిగింది. పథకం అసలు బలం ఇదే.

మెపి కింద యుగాండాలో 1924 నాటి మకెరెరె వైద్య కళాశాల ముందుండి, ఎంబరారా, గులూ వంటి విద్యాలయాలను కలుపుకుని ‘మెసావ్’ కూటమిని నడిపింది. విద్యార్థి ఒక సమస్యను ఎంచుకుని ప్రతిపాదన రాస్తాడు, నైతిక సంఘం అనుమతి తెచ్చుకుంటాడు, వివరాలు సేకరించి విశ్లేషిస్తాడు. ఈ దారి పొడవునా సీనియర్ అధ్యాపకుడు వెన్నంటి ఉండాలి. వార్డులో రోగులు, తరగతిలో పాఠాలు, ఆపై పరీక్ష పేపర్లు చూసుకునే అధ్యాపకుడికి ఒక్కో విద్యార్థి రాతప్రతిని ఓపికగా దిద్దే తీరిక దొరకడం కష్టం. డబ్బు కంటే ఈ కొరతే తీర్చడం కష్టమైనది. విద్యార్థులకు ఇచ్చే చిన్న గ్రాంట్లతో పాటు గైడ్ల సమయానికీ విలువ కట్టాల్సింది ఇందుకే.

పథకానికి ఆఫ్రికా వైపు సమన్వయాన్ని యుగాండా వైద్యుడు ఫ్రాన్సిస్ ఒమస్వా స్థాపించిన కంపాలా సంస్థ చూసింది. మొదటి ఐదేళ్ల తర్వాత జూనియర్ అధ్యాపకుల పరిశోధన శిక్షణకు కొత్త గ్రాంట్లు వచ్చాయి. విద్యాలయాల మధ్య ఏర్పడిన అనుబంధం నుంచి 2016లో ‘ఆఫ్రీహెల్త్’ వేదిక పుట్టింది. ఇందులో వైద్యులతో పాటు నర్సింగ్, ఫార్మసీ వంటి ఇతర ఆరోగ్య వృత్తులవారూ సభ్యులు.